సెయిలింగ్ పడవలో ఫిజీలోని ఫులాంగా దీవికి: కాగితాల నుంచి లంగరు దాకా, లంగరు నుంచి ఊళ్లోకి

పసిఫిక్‌లో ఏదో మూల ఉన్న దీవికి తెరచాప పడవలో వెళ్తున్నాం అనగానే అందరూ అడిగేది సముద్రం గురించే. తుఫాను వస్తే ఏం చేస్తారు, రాత్రిళ్లు ఎవరు మేలుకుంటారు, వాంతులు అవ్వవా అని. అవి అడగాల్సినవే, కానీ నడిసముద్రంలో పడవ చుట్టూ నీళ్లు తప్ప గుద్దుకోవడానికి ఏమీ ఉండదు. అసలు టెన్షన్ దీవి కనిపించాక మొదలవుతుంది. అందుకే ఈ మార్గదర్శి మొత్తం ఆఖరి అంకం గురించే: ఫిజీలో దిగడం, అక్కడి నుంచి తూర్పున లావ్ దీవుల్లో ఉన్న ఫులాంగాకి వెళ్లడం, పగడపు దిబ్బల మధ్య గండిలోంచి లోపలికి దూరడం, ఊరి పెద్ద దగ్గర అనుమతి తీసుకోవడం.

ఫులాంగానే ఎందుకంటే, అక్కడికి విమానం లేదు. సువ నుంచి సరుకుల ఓడ అప్పుడప్పుడు వస్తుంది, లేదంటే మన పడవే గతి. దీవి మధ్యలో పెద్ద లగూన్ (దిబ్బలతో బయటి సముద్రం నుంచి వేరుపడ్డ ఉప్పునీటి మడుగు), అందులో అలలు అడుగున కోసేసిన సున్నపురాయి గుట్టలు పుట్టగొడుగుల్లా నీళ్లలో నిలబడి ఉంటాయి. మూడు ఊళ్లు: మువానైదకే, మువానైరా, నైవిందాము. ఫిజీ భాషలో రాసేది ఒకటి, పలికేది ఒకటి కాబట్టి చార్టులో, అంటే సముద్ర పటంలో, మీకు కనిపించే స్పెల్లింగ్ చదివితే "ఫులగ" అని వస్తుంది. రేడియోలో మాత్రం ఫులాంగా అనే అనండి.

లెక్క వెనక నుంచి వేయాలి

ఈ ప్రయాణంలో బయల్దేరే టైమ్ మీ ఇష్టం కాదు. చేరాల్సిన టైమ్ ముందు పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. గండిలోకి దూరేటప్పుడు సూర్యుడు పైన, మన వెనకవైపు ఉండాలి. నీటి ఒరవడి తగ్గి ఉండాలి. గాలి మరీ ఎక్కువ ఉండకూడదు. ఆ రోజు ఆదివారం కాకూడదు. ఈ నాలుగూ కలిసే రోజు నెలలో అన్నిసార్లు రాదు, అందుకే తిరుగు టికెట్ మరుసటి వారానికి బుక్ చేసుకుని వచ్చేవాళ్లకి ఫులాంగా కుదరదు. కనీసం నెల రోజులు చేతిలో పెట్టుకోండి. అంత సెలవు దొరకకపోతే పశ్చిమాన యసావా దీవులు చూసుకోండి, అవీ బాగానే ఉంటాయి.

సీజన్, వీసా, పడవ లేనివాళ్ల సంగతి

మే నుంచి అక్టోబర్ దాకా వెళ్లాలి. నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు తుఫానుల కాలం, అప్పుడు లావ్‌లో తిరగడం అనే ఆలోచనే వద్దు. 2016 ఫిబ్రవరి 20న విన్స్టన్ తుఫాను ఐదో కేటగిరీ బలంతో ఫిజీని కొట్టింది, 44 మంది చనిపోయారు. ఉత్తర లావ్‌లోని వనువా బలావు దీవిలో ఇళ్లకి ఇళ్లే లేచిపోయాయి.

సొంత పడవ ఉన్న తెలుగువాళ్లు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మిగతావాళ్లం క్రూగా చేరాల్సిందే. భారతీయ పాస్‌పోర్టుతో ఫ్రెంచ్ పాలినీషియాకి ముందుగా వీసా తీసుకోవాలి, ఫిజీకి మాత్రం నాలుగు నెలల దాకా ముందస్తు వీసా అక్కర్లేదు. టికెట్ కొనేముందు ఫిజీ ఇమిగ్రేషన్ సైట్‌లో మరోసారి చూసుకోండి, రూల్స్ మారుతుంటాయి. కాబట్టి మనకి తేలిక దారి నాందీకి విమానంలో దిగి, సావుసావు రేవులో పడవ ఎక్కడం. తిరుగు టికెట్ చేతిలో ఉండాలి. మీరు క్రూ జాబితాలోకి ఎక్కాక దేశం దాటించే బాధ్యత కెప్టెన్ మీద పడుతుంది, అందుకే మంచి కెప్టెన్ మీ టికెట్, ఇన్సూరెన్సు రెండూ అడుగుతాడు. అడగకపోతే ఆ పడవ గురించి ఇంకోసారి ఆలోచించండి.

అనుభవం లేకపోతే ముందు ఇంటిదగ్గర నేర్చుకోండి. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ నేర్పే క్లబ్బులున్నాయి. 2017-18లో ఐఎన్ఎస్వీ తారిణిలో భూగోళం చుట్టి వచ్చిన ఆరుగురు నేవీ మహిళల్లో హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి స్వాతి ఉన్నారు. వాళ్లు వెళ్లింది దక్షిణాన చలి సముద్రాల్లో, మనది ఎండ సముద్రం. తాళ్లు, తెరచాపలు మాత్రం అవే.

మొదటి మెట్టు: ప్రవేశ రేవులో కాగితాలు

వేరే దేశం నుంచి పడవలో వస్తుంటే నేరుగా ఫులాంగాకి వెళ్లి దిగడం చట్టవిరుద్ధం. దారిలోనే ఉంది కదా, టోంగా నుంచి వస్తూ ఒక్కరోజు ఆగితే ఎవరు చూస్తారు అనుకునేవాళ్లు ఉంటారు. చూస్తారు. ముందు సువ, సావుసావు, లెవుకా, లౌతోకా లాంటి ప్రవేశ రేవుల్లో ఒకదానికి వెళ్లాలి. లావ్‌కి వెళ్లాలనుకుంటే సావుసావు మంచిది, చిన్న ఊరు, పనులు నడిచి చేసుకోవచ్చు.

చేరడానికి కనీసం 48 గంటల ముందు రాక సమాచారం ఫారం ఈమెయిల్‌లో పంపాలి. ఫిజీ నీళ్లలోకి వచ్చాక పసుపు జెండా ఎగరేయాలి. సావుసావులో మరీనా వాళ్లని రేడియోలో పిలిస్తే పడవ కట్టుకోవడానికి బోయా (నీళ్లలో తేలే బుంగ) చూపిస్తారు, అక్కడ పడవ దిగకుండా కూర్చోవాలి. ఆరోగ్య శాఖ, బయోసెక్యూరిటీ, కస్టమ్స్, ఇమిగ్రేషన్ వాళ్లు పడవ మీదకే వస్తారు. వారాంతంలో వస్తే ఓవర్‌టైమ్ చార్జీ మీదే కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం లోపు, పొద్దున పూట చేరేలా చూసుకోండి.

బయోసెక్యూరిటీ దగ్గర మన తెలుగు వంటింటికి కాస్త ఇబ్బంది. పచ్చి కూరగాయలు, పండ్లు, కరివేపాకు, గుడ్లు, మాంసం, తేనె, మొలకెత్తే గింజలు ఏవీ వదలరు, తీసుకెళ్లి తగలబెడతారు. కందిపప్పు, ఆవకాయ, కారప్పొడి లాంటివి సీలు చేసిన ప్యాకెట్లలో పెట్టుకుని, దాచకుండా అన్నీ రాసి చూపించండి. దాచి దొరికితే జరిమానా, చూపించి పోతే పోయేది ఒక ప్యాకెట్. పైగా సావుసావులోనే పసుపు, జీలకర్ర, పప్పులు అన్నీ దొరుకుతాయి. 1879 నుంచి 1916 దాకా గిర్మిట్ ఒప్పందం మీద చెరకు తోటలకి తెచ్చిన కూలీల వారసులు నడిపే కొట్లు అవి. 1903 తర్వాత మద్రాసు నుంచి వచ్చిన ఓడల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇప్పుడు కొట్లో మాట్లాడేది ఎక్కువగా ఫిజీ హిందీ. చెరకు పండిన పెద్ద దీవుల్లోనే ఈ జనం స్థిరపడ్డారు, కొబ్బరి తప్ప తోటలు లేని లావ్ వైపు వాళ్లు దాదాపు కనిపించరు, కాబట్టి వంట సరుకులన్నీ ఇక్కడే నింపుకోండి.

క్లియరెన్స్ అయిపోయాక ఇంకో రెండు కాగితాలు కావాలి. ఒకటి దీవుల మధ్య తిరగడానికి కస్టమ్స్ ఇచ్చే కోస్టల్ క్లియరెన్స్. రెండోది ఇతౌకేయ్ (ఫిజీ మూలవాసుల) వ్యవహారాల శాఖ ఇచ్చే క్రూజింగ్ పర్మిట్. ఊరి పెద్దలు అడిగేది ఈ ఉత్తరాన్నే. నాలుగు జిరాక్సులు తీసి పెట్టుకోండి.

బజారులో కొనాల్సినవి

అన్నిటికంటే ముందు యంగోనా, అంటే కావా వేరు. సావుసావు మార్కెట్లో కట్టలు కట్టి అమ్ముతారు. పొడి కాదు, వేరే కొనండి. వెళ్లబోయే ఒక్కో ఊరికి అరకిలో కట్ట ఒకటి, ఎందుకైనా మంచిది రెండు అదనంగా. కానుకకని చెబితే అమ్మేవాళ్లే కాగితం చుట్టి రిబ్బన్ కట్టి ఇస్తారు. పడవలో తేమ తగలకుండా దాచాలి, బూజు పట్టిన కట్ట తీసుకెళ్లి పెద్దమనిషి ముందు పెడితే పరువు పోతుంది.

తర్వాత సులు, మన లుంగీ లాంటిదే, ఆడా మగా అందరికీ తలొకటి. ఊళ్లో వాళ్లకి పనికొచ్చేవి కూడా కొన్ని: చేపల గేలాలు, నైలాన్ దారం, గరుకు కాగితం, చదువుకునే కళ్లద్దాలు, పిండి, పంచదార, నోటు పుస్తకాలు. గరుకు కాగితం ఎందుకంటే ఫులాంగా మగవాళ్లు చాలామంది చెక్కపని చేస్తారు. వేసి అనే గట్టి చెట్టు అక్కడ పెరుగుతుంది, ఒకప్పుడు దాని కోసమే టోంగా వాళ్లు లావ్‌కి వచ్చి పెద్ద జంట పడవలు కట్టుకున్నారు. మద్యం మాత్రం కానుకగా తీసుకెళ్లొద్దు.

మీకోసం డీజిల్, మంచినీళ్లు, మందులు నిండుగా. ఊళ్లో వాళ్లు వాన నీళ్లు పట్టుకుని తాగుతారు, వాళ్ల ట్యాంకు మీద ఆశ పెట్టుకోకూడదు. యాంటీబయాటిక్ మాత్రలు, అయోడిన్ తప్పనిసరి, పగడం గీసుకున్న గాయం ఆ వేడిలో ఊరికే చీము పడుతుంది.

గాలి కోసం ఆగడం

సావుసావు నుంచి ఫులాంగా ఆగ్నేయంగా దాదాపు 190 నాటికల్ మైళ్లు. సీజనంతా వీచే గాలి కూడా ఆగ్నేయం నుంచే, 15 నుంచి 25 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు). అంటే సరిగ్గా ముఖం మీదకి. ఎదురుగాలికి కొట్టుకుంటూ వెళ్లొచ్చు, కానీ పడవా మనుషులూ నలిగిపోతారు. తెలిసినవాళ్లు చేసేది ఏంటంటే, దక్షిణాన అల్పపీడన ద్రోణి దాటే ముందు గాలి ఈశాన్యానికో ఉత్తరానికో తిరుగుతుంది, ఆ ఒకటి రెండు రోజుల సందులో వెళ్లిపోతారు. ద్రోణి దాటాక మళ్లీ ఆగ్నేయం గట్టిగా కొడుతుంది, అప్పటికి మీరు లగూన్ లోపల ఉండాలి. ఈ సందు కోసం సావుసావులో పదిరోజులు కూర్చోవాల్సి వచ్చినా కూర్చోండి. ఫిజీ వాతావరణ శాఖ బులెటిన్, విండీ లేదా ప్రెడిక్ట్‌విండ్ లాంటి వాతావరణ యాప్ రోజూ చూసుకోవాలి. రెండు మోడళ్లు రెండు రకాలుగా చెబుతుంటే బయల్దేరొద్దు.

ఐదున్నర నాట్ల వేగం చొప్పున 35 గంటలు అనుకుందాం. ఎల్లుండి ఉదయం పదికి గండి దగ్గర ఉండాలంటే ఈ రాత్రి 11కి బయల్దేరాలి. కానీ సావుసావు అఖాతం చుట్టూ దిబ్బలున్నాయి, చీకట్లో దాటడం ఎందుకు? ఈ సాయంత్రం వెలుగు ఉండగానే బయటపడి, అవతల తొందరగా చేరితే తెల్లారేదాకా ఆగండి. దిబ్బకి ఐదారు మైళ్ల దూరంలో తెరచాపలు అటూ ఇటూ సర్ది పడవని దాదాపు కదలకుండా నిలపొచ్చు, దాన్నే హీవ్-టు అంటారు. ముందు రాత్రే లోపలికి వెళ్లిపోదాం అని ఎవరైనా అంటే వాళ్ల మాట వినకండి, కెప్టెనైనా సరే.

దారిలో ఒక చిక్కుంది. సావుసావు 180 డిగ్రీల రేఖాంశానికి ఇవతల, ఫులాంగా అవతల. ఫులాంగా 178 డిగ్రీల చిల్లర పడమర. జీపీఎస్‌లో పడమర బదులు తూర్పు అని కొడితే కడావు దీవి దగ్గర సముద్రంలోకి దారి చూపిస్తుంది. తారీఖు, గడియారం మాత్రం మారవు, ఫిజీ మొత్తానికి ఒకటే టైమ్. రాత్రి కాపలా మూడేసి గంటల వంతులు పెట్టుకోండి, లావ్‌లో దిబ్బల మీద దీపాలు చాలా తక్కువ. చార్ట్ ప్లాటర్‌లో (చార్టుని తెర మీద చూపించే పరికరంలో) దారి గీశాక పూర్తిగా జూమ్ చేసి ఆ గీత పొడవునా ఒక్కో మైలూ చూడాలి. 2014లో ప్రపంచం చుట్టే రేసులో ఉన్న టీమ్ వెస్టాస్ విండ్ పడవ హిందూ మహాసముద్రంలో కార్గాడోస్ కరాహోస్ దిబ్బలెక్కింది. ఉన్నవాళ్లంతా ప్రొఫెషనల్సే, జూమ్ తగ్గించి చూసిన చార్టులో ఆ దిబ్బ ప్రమాదం కనబడలేదు అంతే.

గండి

ఇక్కడ నిదానంగా చదవండి.

లావ్‌లో ఎలక్ట్రానిక్ చార్టులు నిజమైన దిబ్బతో అంగుళం అంగుళం కలవవు, పడవ నేల మీద నడుస్తున్నట్టు చూపించిన సందర్భాలున్నాయి. అందుకే సావుసావులో నెట్ ఉండగానే శాటిలైట్ ఫోటోలు డౌన్‌లోడ్ చేసి ఓపెన్‌సీపీఎన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి. చార్టు, ఫోటో, కళ్లు: ఈ మూడింటిలో తేడా వస్తే కళ్లనే నమ్మాలి.

కళ్లకి వెలుగు కావాలి. ఫులాంగా గండి దీవికి ఈశాన్యాన ఉంది, లోపలికి వెళ్లేటప్పుడు మనం నైరుతి వైపు చూస్తుంటాం. దక్షిణార్ధగోళం కాబట్టి జూన్, జులైల్లో సూర్యుడు ఉత్తరం వైపు వాలి ఉంటాడు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు లోపు అయితే ఎండ సరిగ్గా వీపు మీద పడుతుంది, నీళ్లలోకి అద్దంలా కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడింటికి అదే నీళ్లు వెండిరేకులా మెరిసి ఏమీ కనబడవు. మబ్బు పట్టినా అంతే.

ఒకరు పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని పడవ ముందు భాగాన నిలబడాలి, వీలైతే స్తంభం ఎక్కి అడ్డకొయ్య మీద కూర్చోవాలి. ముదురు నీలం అంటే లోతు. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు పర్వాలేదు. పాలిపోయిన ఆకుపచ్చ అంటే ఇసుక పైకి వచ్చింది. గోధుమ రంగు అంటే పగడం, దాని జోలికి వెళ్లొద్దు. ఇంజన్ చప్పుడులో అరిస్తే వినపడదు కాబట్టి చేతి సైగలు ముందే అనుకోండి: కుడి, ఎడమ, నెమ్మది, ఆపు. చెయ్యి చూపిస్తే అటు తిరగాలా లేక అటు ప్రమాదమా అన్నది కూడా తేల్చుకోండి, భార్యాభర్తలు పడవ మీద పోట్లాడుకునేది ఎక్కువగా దీని గురించే.

ఇక నీటి ఒరవడి. బయటి అలలు దిబ్బ మీంచి దొర్లి లగూన్‌లో పడుతూనే ఉంటాయి, ఆ నీళ్లన్నీ తిరిగి పోవడానికి ఉన్నది ఈ ఇరుకు గండి. అందుకే పోటు టైమ్‌లో కూడా కొన్నిసార్లు నీరు బయటికే వస్తుంటుంది, బయట పెద్ద అలలున్న వారం ఆ ఒరవడి మరీ ఎక్కువ. టేబుల్‌లో పోటు ఎన్నింటికి అని ఉందో చూసుకుని దానికి కాస్త ముందే గండి బయటికి చేరి, నీళ్ల వాలకం గమనించండి. గండి నోట్లో అలలు నిలువుగా లేచి అక్కడే కుతకుతలాడుతున్నాయంటే గాలికి, నీటికి పోరు జరుగుతోందని, ఇంకో గంట ఆగాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఆటుపోట్ల తేడా ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లు అష్టమి చూసుకోవడం మంచిది, పంచాంగం ఇక్కడా పనికొస్తుంది.

లోపలికి వెళ్లేటప్పుడు తెరచాపలు దించి ఇంజన్ మీదే వెళ్లండి. ఒరవడి ఎదురొస్తుంటే వేగం చచ్చిపోయినట్టు అనిపిస్తుంది, కంగారుపడి చుక్కాని అటూ ఇటూ తిప్పకుండా మధ్యలో పట్టుకోవాలి. లంగరు దించడానికి సిద్ధంగా ఉండాలి, ఇంజన్ ఆగిపోతే అదే దిక్కు. జీపీఎస్ ట్రాక్ రికార్డు ఆన్ చేసి ఉంచండి, బయటికి వచ్చేటప్పుడు అదే గీత పట్టుకుని రావొచ్చు.

లంగరు

ఇసుక మీదే వేయాలి. పగడం మీద వేస్తే దిబ్బకి నష్టం, చైన్ ఇరుక్కుని మీకూ నష్టం. 10 మీటర్ల లోతుంటే కనీసం 50 మీటర్ల చైన్ వదలాలి. ఇసుక మధ్యలో పగడపు గుట్టలు ఉన్నచోట చైన్‌కి అక్కడక్కడా తేలే బంతులు కడితే అది అడుగున ఈడ్చుకోకుండా పైకి లేచి ఉంటుంది. ఇంజన్ వెనక్కి నడిపి లంగరు పట్టిందో లేదో చూడండి. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కసారి నీళ్లలో దిగి లంగరు చూసి రావడం వరకు తప్పులేదు, సరదా ఈతలు మాత్రం ఇంకా వద్దు. ఎందుకో కింద చెప్తాను.

సెవుసెవు (కావా కట్ట ఇచ్చి ఊరి అనుమతి అడిగే ఆచారం)

ఫిజీలో తీరం, దాని ముందున్న నీళ్లు, అందులో చేపలు ఆ ఊరి వంశాల హక్కు కింద వస్తాయి. దాన్ని గోలింగోలి అంటారు. ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్ జేబులో ఉన్నా, ఊరి పెద్ద సరేననే దాకా మీరు వాళ్ల పెరట్లో పిలవకుండా నిలబడ్డ మనిషే. కాబట్టి లంగరు వేశాక మొదటి పని ఈతా కాదు, చేపలు పట్టడమూ కాదు, డ్రోన్ ఎగరేయడం అసలే కాదు. ఆదివారం చేరితే పడవలోనే ఉండిపోండి. లావ్‌లో జనం మెథడిస్టులు, ఆ రోజు చర్చి తప్ప ఏ పనీ పెట్టుకోరు.

సులు కట్టుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. ఊరి పొలిమేరలో టోపీ, నల్ల కళ్లద్దాలు తీసేయండి, బ్యాగు భుజాన కాకుండా చేత్తో పట్టుకోండి. ఊరిదాకా కాస్త నడక ఉంటుంది. మొదట కనిపించినవాళ్లకి "బులా" అని నమస్కరించి తురంగ ని కోరో ఎక్కడ అని అడిగితే తీసుకెళ్తారు. ఆయన పరిపాలన చూసే గ్రామపెద్ద. వంశపు పెద్ద దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్లేది ఆయనే.

చెప్పులు బయట విడిచి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. కాళ్లు పెద్దవాళ్ల వైపు చాపకూడదు, ఎవరి తలా తాకకూడదు, పిల్లల తల నిమరడం మనకి అలవాటే కానీ అక్కడ వద్దు. కావా కట్ట చేతికి ఇవ్వకండి, పెద్దాయన ముందు నేల మీద పెట్టండి. మీ తరఫున గ్రామపెద్దే మాట్లాడతారు. పెద్దాయన కట్టని అందుకుంటే మీకు అనుమతి వచ్చినట్టే, ఆ క్షణం నుంచి మీ భద్రత కూడా ఆ ఊరి బాధ్యతగా చూస్తారు.

తర్వాత కావా కలుపుతారేమో, కలపకపోవచ్చు కూడా. కలిపితే కొబ్బరిచిప్పలో ఇస్తారు: చేతులు గుల్లగా చేసి ఒక్కసారి చప్పట్లు కొట్టి, బులా అని, గుక్కతిప్పకుండా తాగి, చిప్ప ఇచ్చేసి మూడుసార్లు చప్పట్లు. రుచి మట్టి కలిపిన నీళ్లలా ఉంటుంది, నాలుక తిమ్మిరెక్కుతుంది. తక్కువ కావాలంటే "లో టైడ్" అంటే సరిపోతుంది, నవ్వి కొంచెమే పోస్తారు.

గ్రామ నిధికి కొంత నగదు అడుగుతారు, ఫిజీ డాలర్లలో చిల్లర పెట్టుకోండి. ఫులాంగాలో ఒక్కో పడవకి ఒక్కో కుటుంబాన్ని అతిథి బాధ్యతకి అప్పగించే పద్ధతి ఉంది. గేలాలు, పిండి, కళ్లద్దాలు ఆ ఇంటికే ఇవ్వండి, దారిలో పిల్లలకి చాక్లెట్లు పంచుతూ పోవద్దు. 1774లో జేమ్స్ కుక్ ఇదే లావ్‌లో వతోవా దగ్గర ఆగితే అతని మనుషులు జనం కనబడక కొన్ని మేకులు, ఒక కత్తి రాళ్ల మీద పెట్టి వెళ్లిపోయారు. అప్పటికంటే మన పని సులువే, అడిగి ఇవ్వొచ్చు.

ఉన్నన్నాళ్లూ

ఏ చేప తినాలో ఊళ్లో వాళ్లనే అడగండి. దిబ్బల దగ్గరి పెద్ద చేపల్లో సిగువాటెరా అనే విషం ఉండొచ్చు, ఎంత ఉడికించినా, చింతపండు పులుసు పెట్టినా అది పోదు. ఈ దిబ్బ చేప మంచిది, ఆ దిబ్బది కాదు అని వాళ్లకి తెలుసు. నీళ్లలో నడిచేటప్పుడు బూట్లు వేసుకోండి, రాతి చేప ముల్లు గుచ్చుకుంటే ఆసుపత్రి ఎక్కడో సముద్రం అవతల. ప్లాస్టిక్ చెత్త ఒక్క కవరు కూడా ఊళ్లో వదలకండి, పడవలోనే కట్టిపెట్టి సావుసావుకి తెచ్చేయండి. చెక్కిన గిన్నె కొనాలంటే చెక్కినవాడి ఇంట్లోనే కొనండి, బేరం అతిగా ఆడొద్దు. ఆ గిన్నె ఇండియాకి తెచ్చేముందు పురుగు రంధ్రాలు లేవని చూసుకోండి, లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనూ ఆపొచ్చు.

బయల్దేరేటప్పుడు

చెప్పకుండా పోవడం తప్పు. ముందురోజు ఊళ్లోకి వెళ్లి పెద్దాయన దగ్గర సెలవు తీసుకోవాలి, ఇంకో చిన్న కావా కట్ట ఉంటే ఇంకా మంచిది, అదనంగా కొనమన్నది అందుకే. బయటికి వెళ్లేది ఈశాన్యం వైపు కాబట్టి ఉదయపు ఎండ ఇప్పుడు మీ కళ్లలో పడుతుంది. మధ్యాహ్నం పన్నెండు దాటాక, వచ్చినప్పటి ట్రాక్ మీద, నీరు నెమ్మదించిన టైమ్‌లో వెళ్లండి. బయటికి తోసే ఒరవడి మీద వెళ్తే పడవ వేగం పెరిగి చుక్కాని సరిగా వినదు, అది వచ్చేటప్పటికంటే ప్రమాదం. తిరుగు దారిలో ఆగ్నేయపు గాలి వెనక నుంచి తోస్తుంది, సావుసావు ఒక రాత్రి, ఒక పగలు. ఫిజీ వదిలి వేరే దేశం వెళ్తుంటే మళ్లీ ప్రవేశ రేవుకి వచ్చి క్లియరెన్స్ తీసుకున్నాకే కదలాలి, లావ్ నుంచి నేరుగా టోంగా వైపు తిప్పకూడదు.